గుండీలు పెట్టుకునే వేళ

పక్షవాతం వచ్చి తగ్గాక ఆయన కుడిచేతి వేళ్లు మొద్దుబారిపోయాయి. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఆ రోజు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఆయన భార్యను అడిగింది.

"అంకుల్‌కి చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారాంటీ?"

"నేనే. ఆయనకి పట్టు దొరకట్లేదుగా."

"మీ వేళ్లు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. వ్యాయామం కావాల్సింది ఆయనకి" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇప్పుడు కదిలించకపోతే అవి అలాగే ఉండిపోతాయి. మీరు ఊరికే కూర్చుని చూడండి, చాలు" అంది.

ఊరికే కూర్చోవడం ఆవిడకు చేతకాని పని. ఆ ఇంట్లో దుప్పటి అంచులు మంచానికి రెండువైపులా సమానంగా వేలాడాలి. పొయ్యి గట్టు ఎవరు తుడిచినా వాళ్లు అటు తిరగ్గానే ఆవిడ మళ్లీ తుడిచేది. ఇదంతా ఎరిగినవాడు గనక, ఆయన చొక్కా తొడుక్కుని బొమ్మలా నిలబడడం అలవాటు చేసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆవిడ స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"ఏంటి, పరీక్ష పెడుతున్నావా?"

"మీరే పెట్టుకోండి."

"నువ్వు ఖాళీగానే ఉన్నావుగా."

పై గుండీ రెండుసార్లు జారింది. మళ్లీ జారేలోపే ఆవిడ చేయి వెళ్లి పెట్టేసింది. ఆ చేయి ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలియలేదు. ఆయన చేతులు వెంటనే పక్కలకు వాలిపోయాయి. పని వదిలేయడం ఆ వేళ్లకు ఎంత తేలికైపోయిందో చూసి ఆవిడకు భయం వేసింది.

అప్పటినుంచి ఆవిడ తన చేతిని గమనించడం మొదలుపెట్టింది. ఆయన గుండీ జారగానే ముందు తన దవడ బిగుసుకునేది. తర్వాత భుజంలో ఓ తొందర. చేయి లేచేది ఆ తర్వాతే. ఆ తొందరను చూస్తూ కదలకుండా కూర్చుంటే, మంట తగ్గించిన పాలపొంగులా మెల్లగా కిందికి దిగేది. కొన్ని రోజులు ఎంతకీ దిగేది కాదు. అలాంటప్పుడు లేచి వంటింట్లోకి పోయేది. ఇంతకాలం తను సాయం అనుకున్నదాంట్లో సగం, వంకరను చూసి ఓర్వలేకపోవడమేనని ఆ స్టూలు మీదే తెలిసింది. తెలిశాక కాస్త సిగ్గేసింది, కాస్త తేలికపడింది.

ఒకరోజు ఆయన గుండీలన్నీ తనే పెట్టుకుని, "పద, కూరగాయలకి" అన్నాడు. ప్రతిదీ ఒక కన్నం తప్పి పడింది. కాలరు ఒకవైపు చెవి దాకా లేచింది. ఆవిడ సంచి తీసుకుంది.

మెట్ల మీద పక్కింటాయన ఎదురయ్యాడు. "ఏంటి గురువుగారూ, మేడంగారు అలిగారా? చొక్కా అలా ఉంది?"

"స్వహస్తాలతో పెట్టుకున్నానయ్యా" అని గర్వంగా తల వంచి చూసుకున్నాడాయన. "అరె" అనుకుని, అక్కడే నిలబడి ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. పక్కింటాయన చేయి చాచాడు.

"వద్దండి, ఆయన చూసుకుంటారు. మీరు వెళ్లండి, ఆలస్యమవుతుంది" అంది ఆవిడ.

దిగేవాళ్లకు దారి వదిలి గోడవారగా జరిగి నిలబడింది.

"ఇంకో రెండున్నాయి" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

"ఊఁ" అంది ఆవిడ.