ఎర్త్ పట్టీ

చిట్టి టీ వడపోస్తోంది. మూడు గ్లాసులు, మూడు చోట్లు. తండ్రిది ముందుగదిలో కిటికీ గట్టు మీద, అన్నది పెరటి మెట్టు మీద, తనది పొయ్యి పక్కన. అందరూ ఒకచోట కూర్చుని టీ తాగడం తల్లితోనే పోయింది. అన్న తన గ్లాసు ఎప్పుడు తీసుకుంటాడో ఎవరికీ కనిపించదు. కాసేపటికి చూస్తే కడిగి బోర్లించి ఉంటుంది. ఒకే కప్పు కింద ఉంటూ తండ్రీకొడుకులు ఒకరి కంట ఒకరు పడకుండా తిరగడం నేర్చుకున్నారు. తెలియనివాళ్ళు వస్తే ఆ ఇంట్లో కొడుకు ఉన్నాడనే అనుకోరు.

"రేపొద్దున్న ఆ కారు తీసుకుపోతారట. పళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు," అన్నాడు తండ్రి, గ్లాసు అందుకుంటూ. "వేరే బండి పంపిస్తాడట, కట్టి లాక్కుపోడానికి."

"ఒకసారి స్టార్టవుతుందేమో చూడనా నాన్నా?"

"అక్కర్లేదమ్మడూ. దాని జోలికి పోకు. అది నోరెత్తకుండా పోవాలి ఈ ఇంట్లోంచి."

టీ సగంలో వదిలేసి, స్కూటర్ తీసుకుని బజారుకు సామాన్ల కోసం వెళ్ళిపోయాడు.

తండ్రి బళ్ళకు కరెంటు పని చేస్తాడు. అన్న ఇంజన్ల మెకానిక్. ఇంటికి ఆనుకునే షెడ్డు. చిట్టి పదో తరగతి అయ్యాక అక్కడే లైటు పట్టుకుంటూ, మీటరు చూసి చెబుతూ, బేటరీల్లో నీళ్ళు పోస్తూ పని నేర్చుకుంది. ఆ షెడ్డులో ఇప్పుడు ఒక మూల, టార్పాలిన్ కింద, పళ్ళ డాక్టరుగారి పాతకాలపు స్పోర్ట్స్ కారు ఉంది. ఎర్రటిది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు. "ఇది ఎక్కే బండి కాదే, లాగూలా తొడుక్కోవాలి," అని తల్లి నవ్వేది. అది మాటిమాటికీ మొరాయించి షెడ్డుకు వస్తే, "డాక్టరు గారేమో అందరి నోళ్ళూ తెరిపిస్తాడు, దీని నోరు మాత్రం మనవాళ్ళే తెరవాలి," అనేది.

తల్లి పోయిన రోజు ఆ కారు ఇంజను బాగుచేసి మళ్ళీ బిగించారు. అన్న సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను బద్ధకంగా మూలిగింది, అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ మళ్ళీ తిప్పాడు. భోజనానికి పిలవడానికి వచ్చిన తల్లి తడిచేతులు చీరకు తుడుచుకుంటూ బండి ముందు, గోడ దగ్గర నిలబడింది. ఉన్నట్టుండి ఇంజను గొంతు చించుకుని అరిచింది. బండి ఎగిరి గోడ మీద పడింది.

"ఏక్సిలరేటర్ పెడల్ పైకి రాలేదు నాన్నా, కాలు తీసేసినా రాలేదు," అన్నాడు అన్న, తల్లిని ఒళ్ళో పెట్టుకుని.

"బండి మీదకి నెట్టకు. కాలు నీది," అన్నాడు తండ్రి. వాళ్ళిద్దరి మధ్యా అదే చివరి మాట.

అందరూ తండ్రి మాటే నమ్మారు. నమ్మడానికి కారణం లేకపోలేదు. అన్నకు చిన్నప్పటి నుంచీ వీధిలో 'రాకెట్టు' అని పేరు. సైకిలెక్కినా నేల మీద నడిపింది లేదు. "రాకెట్టుగాడు ఆఖరికి కన్నతల్లినే కొట్టుకున్నాడు," అని ఎదురింటి పిన్ని గేటు దగ్గర నిలబడి, వినబడాలనే అంది. అన్న విన్నాడు. ఆ తరవాత బయటికి రావడం మానేశాడు.

చిట్టికి మాత్రం ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. పెడల్ పైకి రాలేదు. నిజమా, భయంలో అన్నాడా? రేపు కారు పోతే ఇక ఎప్పటికీ తేలదు. తేలితే, తండ్రి కొడుకు మొహం చూస్తాడు, మాట్లాడతాడు. అంతకు మించి ఆమెకేం అక్కర్లేదు.

టార్పాలిన్ లాగేసరికి దుమ్ము లేచింది. షెడ్డులో నిండా చార్జింగ్ ఎక్కిన మంచి బేటరీ ఒకటి తెచ్చి తగిలించింది. గేరు తీసి ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది. తాళం తిప్పితే ఎర్రలైటు వెలిగింది. హారన్ గట్టిగా మోగింది. హెడ్‌లైట్లు గోడ మీద తెల్లగా పడ్డాయి. తండ్రి సున్నం వేసిన చోట, మిగతా గోడ కంటే తెల్లగా. చిట్టి లైట్లు ఆపేసింది.

స్టార్టుకు తిప్పితే టక్కుమంది, మూలిగింది, సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. ఆ రోజు మూలిగినట్టే.

బేటరీ మంచిదే, దాని తప్పు కాదు. కేబుల్ చివరలు విప్పి, మెరిసేదాకా గీకి బిగించింది. అదే మూలుగు. స్విచ్చు మీద అనుమానం వచ్చి, లావుపాటి కేబులు ఒకటి బేటరీ నుంచి నేరుగా స్టార్టర్ మోటారుకు అందించి చూసింది. అదే మూలుగు. మోటారే పోయిందేమో అనుకుంటూ, మళ్ళీ సీట్లో కూర్చుని తాళం తిప్పుతూ చోక్ పిడి పట్టుకుంది.

చురుక్కుమంది. చెయ్యి లాగేసుకుని వేళ్ళు నోట్లో పెట్టుకుంది.

చోక్ తీగకు కరెంటుతో ఏ సంబంధమూ లేదు. ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటర్ దాకా పోయే ఉత్త ఇనుపతీగ. అది కాలడమేమిటి?

చిట్టి దిగి, మీటరు తెచ్చి, ఒక క్లిప్పు ఇంజను ఇనుముకు, ఇంకోటి బండి బాడీకి పెట్టింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పింది. కదలకూడని ముల్లు ఎగిరి అవతలి చివరను తాకింది.

ఇంజను రబ్బరు దిండ్ల మీద కూర్చుని ఉంటుంది. బేటరీ నుంచి మోటారుకు వెళ్ళిన కరెంటు మళ్ళీ బాడీలోకి రావాలంటే మధ్యలో ఒక దారి కావాలి. అందుకు రాగి జడలాంటి పట్టీ ఒకటి కడతారు. ఎర్త్ పట్టీ. అది లేకపోతే కరెంటు ఊరుకోదు. ఇంజనుకూ బాడీకీ మధ్య ఏ ఇనుపముక్క దొరికితే దాన్ని పట్టుకుని వస్తుంది. చోక్ తీగ దొరికితే చోక్ తీగ. ఏక్సిలరేటర్ తీగ దొరికితే అదీ.

చిట్టి బండి కిందికి దూరి టార్చి వేసింది. గేర్‌బాక్సు పక్కన పట్టీ ఉండాల్సిన చోట ఉత్త బోల్టు కన్నం. పైకి వచ్చి ఏక్సిలరేటర్ తీగను పట్టకారుతో లాగింది. రాలేదు. పై తొడుగు నల్లగా మాడి, లోపలి తీగను కరుచుకుని ఉంది. అన్న పెడల్ సగం తొక్కి, మళ్ళీ మళ్ళీ తాళం తిప్పుతుంటే, ఆ కాలే తీగ తన తొడుగులోనే అతుక్కుపోయింది, కాలు ఎక్కడ ఉంచితే అక్కడ.

పెరటిగదికి పరుగెత్తింది.

"అన్నా! నీ కాలు కాదురా అన్నా. పెడల్ నిజంగానే పట్టేసింది. తీగ కాలి అతుక్కుపోయింది. ఎర్త్ పట్టీ లేదు దానికి!"

అన్న మంచం మీద కూర్చుని చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు. తలెత్తలేదు.

"ఎవరు చూడమన్నారు నిన్ను?"

"అదేంట్రా, నీ తప్పు లేదంటుంటే..."

"నాకు తెలుసు చిట్టీ."

ఆమెకు అర్థం కాలేదు.

"పట్టీ ఎవరు కడతారు మన షెడ్డులో?" అన్నాడు అన్న, మెల్లిగా.

షెడ్డులో ఎవరు ఏ పని చేసినా చివర్లో ఎర్త్ పట్టీ మాత్రం తండ్రే కడతాడు. ఇంకొకళ్ళను ముట్టుకోనివ్వడు. "పోయే దారి ఎవడైనా వేస్తాడు, వచ్చే దారి నేను చూస్తా," అని గర్వంగా చెప్పుకునేవాడు. ఇంతసేపూ చిట్టికి అన్న ఒక్కడే కనబడ్డాడు.

"పెట్రోలు డబ్బాలో నానేసి ఉంది. జిడ్డు పోవాలని వేసి, మర్చిపోయాడు," అన్నాడు అన్న. "ఆ రోజు అమ్మని తెచ్చి నేల మీద పడుకోబెట్టాక లైట్లార్పడానికి వెళ్తే కనబడింది. తీసి నా పెట్టెలో దాచా."

"ఇన్నాళ్ళూ ఇన్ని మాటలు పడి..."

"మరేం చెయ్యను? నా మీద కోపం ఉంది కాబట్టి లేస్తున్నాడు, తింటున్నాడు, పనికెళ్తున్నాడు. అది కూడా లాగేస్తే ఏముందే ఆయనకి?" దారం కొరికాడు. "అయినా బండి గేర్లో ఉండగా నేనూ క్లచ్ మీంచి కాలు తీసేశాగా. అరుపుకి బెదిరి రెండు కాళ్ళూ తీసేశా. తాళం తిప్పి ఇంజను కట్టెయ్యొచ్చు, కట్టలేదు. పూర్తిగా మంచివాణ్ణి చెయ్యకు నన్ను. వెళ్ళి బానెట్ మూసెయ్, పో."

గేటు చప్పుడైంది. వెంటనే స్కూటర్ చప్పుడు.

చిట్టి షెడ్డుకు చేరేసరికి తండ్రి అక్కడే ఉన్నాడు, చేతిలో సంచి దించకుండా. బానెట్ తెరిచి ఉంది. మీటరు క్లిప్పులు పెట్టినచోటే ఉన్నాయి, ఒకటి ఇంజనుకు, ఒకటి బాడీకి. ఆ రెండు క్లిప్పులు అలా ఎందుకు పెడతారో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"నాన్నా, నువ్వు లోపలికి పద. ఊరికే, బేటరీ..."

"తాళం తిప్పు," అన్నాడు తండ్రి.

"వద్దు నాన్నా."

"తిప్పమ్మా."

తిప్పింది. ఆయన ముల్లును చూశాడు. సంచి కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, కింద నుంచి చెయ్యి పోనిచ్చాడు. చూడకుండానే బోల్టు కన్నం మీదికి వేలు వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది చాలాసేపు. తరవాత లేచి ఏక్సిలరేటర్ తీగ మాడిన చోట తడిమాడు.

అన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎప్పుడు చూశావు?" అన్నాడు తండ్రి, తీగ వైపే చూస్తూ.

"ఆ సాయంత్రమే."

"ఏదీ?"

అన్న వెళ్ళి పట్టీ తెచ్చాడు. పాతగుడ్డలో చుట్టి ఉంది. తండ్రి దాన్ని విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. రాగి శుభ్రంగా ఉంది. స్పానర్ తీసుకుని బండి కిందికి దూరాడు. బోల్టు కన్నానికి అందక టంగుమని నేల మీద పడింది. తీసుకున్నాడు. మళ్ళీ పడింది. మూడోసారి పడ్డాక చప్పుడు లేదు, పాదాలు మాత్రం బయటికి కనబడుతున్నాయి.

అన్న పక్కన పడుకుని కిందికి జరిగాడు. "ఇలా ఇవ్వు నాన్నా," అన్నాడు. స్పానర్ తిరిగిన చప్పుడు వినబడింది.

ఇద్దరూ బండి కిందనుంచి బయటికి వచ్చారు. ఏక్సిలరేటర్ తీగ కార్బురేటర్ దగ్గర ఊడదీసి, అన్న చిట్టి వైపు తల ఊపాడు. ఆమె తాళం తిప్పింది. మూలుగు లేదు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుని, చిన్నగా, సాఫీగా ఆడసాగింది. ముగ్గురూ దాన్ని విన్నారు. ఇంత తేలికగా ఆడాల్సిందే ఆ రోజూ. భోజనానికి రమ్మని పిలుపు వినబడేంత నెమ్మదిగా.

"ఆపెయ్యవే!" అని అరిచాడు అన్న.

ఆపేసింది.

తండ్రి కొళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. గోళ్ళ సందులు కూడా, ఒక్కొక్కటే. లోపలికి పోయి చొక్కా వేసుకుని వచ్చాడు. చిట్టి ఎదురుగా వెళ్ళి, "ఎక్కడికి నాన్నా? టీ పెడతా, ఉండు," అంది. ఆయన ఆమె భుజం పట్టుకుని నెమ్మదిగా పక్కకు జరిపాడు. కొడుకు దగ్గర ఆగాడు. వాడి మొహాన్ని, చాన్నాళ్ళకు, కళ్ళెత్తి చూశాడు. స్కూటర్ తాళం వాడి చేతిలో పెట్టాడు.

స్కూటర్ తీసుకోలేదు. గేటు తెరిచి, వెయ్యకుండానే, వీధిలోకి నడిచి వెళ్ళిపోయాడు.