మూడు హెల్మెట్లు

ఉత్తరంలో ఉన్నవి ఏడే వాక్యాలు. ఆరోదాని దగ్గర పర్శరాములు ఆగిపోయాడు.

‘పరీక్షలదేమున్నదన్నా, సెప్టెంబర్ల రాసుకుంట, నువ్వైతే విసా పంపు.’

రోడ్డు రోలర్ ఇంజను ఆపేసి, సీటు మీదే కూర్చుని ఇంకోసారి చదివాడు. ఎనిమిదేళ్ల కిందట ఆ మాట తన నోటితో తనే అన్నాడు. మాటలు కాస్త వేరైనా సంగతి ఒకటే.

ఏడో వాక్యం, ఆట నేర్పిన సారు గురించి, ఇంకా అన్యాయం. ‘లచ్చన్న సారుకు మాత్రం చెప్పలే.’

అది 1987 ఫిబ్రవరి. అల్ ఐన్ ఊరి బయట, ఖర్జూరపు తోటలు దాటాక కొత్త రోడ్డు పడుతోంది. పర్శరాములు ఆ కంపెనీలో రోలర్ డ్రైవరు. పాస్‌పోర్టులో మాత్రం మేస్త్రీ అని ఉంటుంది. అతను దుబాయ్ వచ్చింది మేస్త్రీ పనికీ కాదు, రోలర్ నడపడానికీ కాదు. బంతి తన్నడానికి వచ్చాడు.

ఉత్తరం రాసిన భోజన్న జగిత్యాల కాలేజీలో బీకాం ఆఖరి సంవత్సరం. నిరుడు సెలవులో వెళ్లినప్పుడు, తను చదివిన ఆ కాలేజీ మైదానంలోనే పర్శరాములు వాణ్ని చూశాడు. ఎడమ అంచున వాడు బంతితో పరుగెడుతుంటే వెనకాల పడ్డవాళ్లు ఎడ్లబండి మీద వస్తున్నట్టు ఉన్నారు. అదే అంచు. ఒకప్పుడు తనది. ఆ సంబరంలో తిరిగొచ్చాక నోరు ఊరుకోలేదు. “మా కాలేజీల ఒక పిలగాడున్నడు సాబ్, చిరుతపులే” అని క్యాంపు ముదీర్, అంటే మేనేజరు, నజీబ్ దగ్గర గొప్పలు పోయాడు. ముదీర్ విన్నాడు, నవ్వాడు, మరిచిపోలేదు; కప్పు పోటీ దగ్గర పడగానే, విసా ఉందని ఆ కుర్రాడికి రాయమన్నాడు.

*

1979లో పర్శరాములు కూడా చిరుతపులే.

గుంటూరులో యూనివర్సిటీల పోటీలు జరిగాయి. సెమీఫైనల్లో కాకినాడ నుంచి వచ్చిన గోల్‌కీపర్ నెత్తి మీదుగా పర్శరాములు బంతిని గోల్లోకి దించాడు. మ్యాచి చూస్తున్న బొంబాయి ఏజెంటు ఒకడు ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గర పట్టుకున్నాడు. దుబాయ్ కంపెనీలకు ఆటగాళ్లు కావాలి. మొదటి విమానానికే వెళ్లాలి. పరీక్షలు పది వారాల్లో ఉన్నాయి.

“సెప్టెంబర్ల సప్లిమెంటరీ ఉంటది గదా, అప్పుడొచ్చి రాస్త” అన్నాడు పర్శరాములు. ఓడిపోయిన గోల్‌కీపర్ని కూడా ఏజెంటు ఎంచుకున్నాడు. అతని పేరు ఆదిశేషు. “నాదీ అదేనండి, సెప్టెంబరే” అన్నాడు.

రెండేళ్ల ఒప్పందం మీద వచ్చినవాడికి మధ్యలో సెప్టెంబర్ ఎక్కడిది? ఆ సంగతి కాగితం మీద ఉంది. ఇద్దరిలో ఒక్కడూ చదవలేదు. ఆ కథ తెలిశాక క్యాంపులో పర్శరాములుకు ‘సెప్టెంబర్’ అనే పేరే పడిపోయింది.

అయినా ఆ మొదటి శుక్రవారం! తలుచుకుంటే ఇప్పటికీ అరికాళ్లు చురుక్కుమంటాయి.

కంపెనీకి మూడు క్యాంపులు. రోడ్ల వాళ్లవి పసుపు హెల్మెట్లు, పైపుల వాళ్లవి నీలం, ఇనుము పని వాళ్లవి తెలుపు. కొత్త ఆటగాళ్లు వస్తే ఇసుక మైదానంలో వరసగా నిలబెట్టి, అరగంట బంతి ఆడించేవారు. తరవాత ఒక్కో క్యాంపు కెప్టెన్ వచ్చి, తనకు కావలసిన వాడి కాళ్ల ముందు తన రంగు హెల్మెట్ పెట్టి వెనక్కి వెళ్లేవాడు. ఒక్క మాట కూడా అనకూడదు. హెల్మెట్ చేతికివ్వకూడదు. ఆటగాడే వంగి తీసుకోవాలి. తీసుకున్న రంగే వాడి క్యాంపు, వాడి మంచం, వాడి పని.

ఆ రోజు పదకొండు మంది వరసలో నిలబడ్డారు. ఆరుగురి ముందు ఒక్కోటి పడింది. నలుగురి ముందు ఏమీ పడలేదు. వాళ్లను అదే సాయంత్రం కాంక్రీటు పనికి లారీ ఎక్కించారు. పర్శరాములు ముందు మాత్రం మూడు పడ్డాయి. పసుపు, నీలం, తెలుపు. మైదానం చుట్టూ ఈలలు. ఇరవై ఒక్కేళ్ల వయసులో తన కాళ్ల దగ్గర మూడు రంగులు! చదువు సగంలో వదిలేసిన ఆ కుర్రాడికి ఆ క్షణంలో సెప్టెంబరూ గుర్తులేదు, ఊరూ గుర్తులేదు. పక్కన ఆదిశేషు ముందు పసుపు ఒక్కటే ఉంది. పర్శరాములు వంగి పసుపే తీశాడు.

నాలుగేళ్లు మహరాజులా బతికాడు. ఎండలో పని లేదు. గెలిచిన శుక్రవారాల్లో పళ్లెం నిండా మాంసం. 1983లో మోకాలు తిరిగింది. ఆ మరుసటి శనివారమే రోలర్ తాళాలు చేతికొచ్చాయి. మరో ఏడాదికి స్టోర్ ఆఫీసులో చల్లటి గదిలో గుమాస్తా ఉద్యోగం ఖాళీ అయితే పరుగున వెళ్లాడు. “బీకాం పాసయ్యావా?” అని అడిగారు. ఒక్క పరీక్ష దూరంలో ఆగిపోయానని ఏ ముఖంతో చెబుతాడు?

నిరుడు జగిత్యాలలో, ఆట నేర్పిన లచ్చన్న సారు కూడా ఒక్కటే అడిగాడు. “పరీక్ష రాసినవారా?”

*

ముదీర్ నజీబ్ మనిషి చెడ్డవాడేం కాదు. బేరూత్ నుంచి వచ్చిన ఇంజనీరు, బంతాట అంటే ప్రాణం. క్యాంపు హిందీలో సగం, చేతులతో సగం మాట్లాడతాడు.

“సైన్ కరో, పర్శూ” అంటూ కాగితం తోశాడు. “శనివారం మన విసా పనులు చూసే మందూబ్ కాగితాలతో దుబాయ్ పోతాడు. నీ చిరుతపులి మార్చిలో ఇక్కడుండాలి. మార్చి ఆఖర్న కప్పు.”

మనిషిని చెప్పినవాడే జామీను సంతకం పెట్టాలని కంపెనీ కట్టుబాటు. తేదీ గడి ఖాళీగా ఉంది.

“సాబ్, మే నెల రాయుండ్రి. ఏప్రిల్ల పిలగానికి పరీక్షలున్నయ్.”

“మేలో నాకెందుకు? మేలో ఎండలు! కప్పు మార్చిలో.”

“పరీక్ష రాసినంక వస్తడు. ఏడేళ్లు ఆడుతడు మీకు.”

“మార్చిలో ఎడమ పక్క ఎవరాడతారు? నువ్వా?” ముదీర్ పగలబడి నవ్వాడు.

పర్శరాములు నవ్వలేదు. “అవును సాబ్. నేనే.”

నవ్వు ఆగింది. ముదీర్ బల్ల మీది నుంచి వంగి పర్శరాములు మోకాలి వైపు చూశాడు.

“సరే. రేపు నీలం వాళ్లతో మ్యాచి. డెబ్బై నిమిషాలు. ఆఖరి విజిల్‌కి నువ్వు మైదానంలో, రెండు కాళ్ల మీద నిలబడి ఉంటే మే రాస్తాను. మధ్యలో బయటికొస్తే మార్చి రాస్తాను, నువ్వు సంతకం పెడతావు. పెట్టనంటే విసా ఖలాస్, ఇంకో దేశంవాడు వస్తాడు. మంజూరేనా?”

పెట్టకపోతే భోజన్నకు దుబాయ్ లేదు. పెడితే పరీక్ష లేదు. “మంజూర్” అన్నాడు పర్శరాములు.

సంగతి విని ఆదిశేషు నెత్తి కొట్టుకున్నాడు. ఇప్పుడతను టిప్పర్ డ్రైవరు, శుక్రవారం మాత్రం ఇంకా గోల్‌కీపరే.

“నీకేవన్నా పిచ్చా ఏంట్రా? నాలుగేళ్లయ్యింది బంతి ముట్టుకుని. నిన్నగాక మొన్న రోలర్ దిగడానికే నా బుజం పట్టుకున్నావు.”

“దిగుడు కష్టం గానీ ఉరుకుడు అల్కగనే ఉంటది.”

“ఆయ్, ఉంటది ఉంటది. ఆ కుర్రాడు నీ తమ్ముడా, బామ్మర్దా?”

“ఎవడు గాదు. నా అంచు మీద ఆడుతున్నడు, గంతే.”

ఆదిశేషు మంచం కింది నుంచి గుడ్డ పట్టీల చుట్ట తీసి విసిరాడు. “కట్టు. బిగించి కట్టు. రేపు పరిగెత్తావంటే నేనే తంతాను. బంతిని నీ కాలి దగ్గరికి నేను పంపుతా, నువ్వు నిలబడి తన్ను చాలు.”

*

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఆట మొదలైంది. ట్యాంకరుతో తడిపి, పర్శరాములే పొద్దున రోలర్ తిప్పి గట్టిపరిచిన మైదానం. దూరంగా జెబెల్ హఫీత్ కొండ. టిప్పర్ల మీద, డ్రమ్ముల మీద రెండు క్యాంపుల జనం. పసుపు జెండాల్లోంచి ఒక పాత గొంతు లేచింది: “సెప్టెంబర్ దిగిండ్రోయ్!”

మొదటి పది నిమిషాలు ఒళ్లు పాతికేళ్ల వయసు నాటిదే. ఆదిశేషు బంతిని పట్టి, చూసి, కొలిచినట్టు ఎడమ అంచుకు తన్నేవాడు. పర్శరాములు దాన్ని ఒక్క తాకిడితో ఆపి మధ్యకు వేసేవాడు. ఇరవై రెండో నిమిషంలో అలా వేసిన బంతికే కెప్టెన్ మంగరాజు తల పెట్టాడు. గోల్! టిప్పర్ల హారన్లు మోగిపోయాయి. గట్టున ముదీర్ చప్పట్లు కొట్టబోయి మానేశాడు.

సగం ఆట అయ్యేసరికి మోకాలు కుండలా ఉబ్బింది. మంగరాజు చూసి కంగారు పడ్డాడు. “బాబాయ్, బయటికెళ్లిపో. బెంచీ మీద మనోళ్లున్నారు కదా?”

“కెప్టెన్‌వి నువ్వే. కానీ నన్ను తీసేయకు కొడుకా, నీకు దండం పెడుత.”

మంగరాజుకు అర్థం కాలేదు. తీయలేదు.

యాభయ్యో నిమిషంలో నీలం వాళ్లు సమం చేశారు. అప్పట్నుంచీ పర్శరాములు ఆడలేదు, నిలబడ్డాడంతే. అతని మీదికి వచ్చిన నీలం కుర్రాడికి పందెం సంగతి తెలియదు. అరవై అయిదో నిమిషంలో బంతి కోసం వాడు అడ్డంగా జారాడు. కాలికి కాలు తగిలింది. పర్శరాములు బొక్కబోర్లా పడ్డాడు.

రెఫరీ విజిల్ వేయలేదు. బంతి ముందుకు సాగిపోయింది.

లేవబోయాడు, మోకాలు ఒప్పుకోలేదు. ఇసుకలో చెంప ఆనించి చూస్తే గట్టు మీద ముదీర్ బూట్లు కనిపిస్తున్నాయి. ముదీర్ చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఇంకా అయిదు నిమిషాలు. బెంచీ మీద కొత్తవాడొకడు అప్పుడే చొక్కా సర్దుకుంటున్నాడు. అయిపోయింది. భోజన్న మార్చిలో వస్తాడు. వాడికీ ఏదో ఒక నెల పేరు పెడతారు.

అప్పుడు వెనక నుంచి దబదబా అడుగుల చప్పుడు వినిపించింది.

ఆదిశేషు! గోల్ వదిలేసి మైదానం సగం దాకా పరుగెత్తుకొచ్చాడు. చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున ఎత్తి నిలబెట్టాడు.

“నీ గోల్ ఖాళీగున్నదిరా! పో!”

“ఉండనీ. ముందు నువ్వు నిలబడు. ఎడం కాలి మీద బరువెయ్యకు. ఊఁ, అలాగ.”

వాళ్ల పక్క నుంచే నీలం వాడొకడు బంతి తీసుకుపోయాడు. ఖాళీ గోల్లోకి నడిపించినంత తేలిగ్గా తోసేశాడు. రెండు, ఒకటి. పసుపు జనం తిట్టిన తిట్లు కొండ దాకా వినిపించి ఉంటాయి. మంగరాజు హెడ్‌బ్యాండు తీసి నేలకేసి కొట్టాడు.

ఆదిశేషు చేతులు దులుపుకొని వెనక్కి నడిచాడు. పర్శరాములు నిలబడ్డాడు. మిగిలిన నిమిషాలన్నీ ఒంటికాలి కొంగలా నిలబడ్డాడు. ఆఖరి విజిల్ మోగినప్పుడు కూడా నిలబడే ఉన్నాడు.

*

ముదీర్ గబగబా మైదానంలోకి వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

“నీ వల్ల మ్యాచి పోయింది!”

“అవును సాబ్.”

“నీ దోస్త్ పిచ్చివాడు!”

“అది గుంటూరులనే తెల్సింది సాబ్.”

ముదీర్ చుట్టూ చూశాడు. పాతవాళ్లంతా దగ్గరికి వచ్చేశారు. అప్పుడతను ఇంకేమీ అనకుండా తన పసుపు హెల్మెట్ తీశాడు. పర్శరాములు కాళ్ల ముందు ఇసుకలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ కట్టుబాటు అందరికీ తెలుసు. మార్చి కప్పుకు ఎడమ అంచు పర్శరాములుదే. అంటే విసా మేలోనే.

ఆదిశేషు సాయానికి చెయ్యి చాపబోయి గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. చేతికివ్వకూడదు.

ఎనిమిదేళ్ల కిందట మూడు హెల్మెట్ల ముందు వంగడానికి అరక్షణం పట్టింది. ఈ ఒక్కదాని కోసం చాలాసేపు పట్టింది. పళ్లు బిగించి, కుడి కాలి మీద మెల్లగా దిగి, వేళ్లతో అంచు పట్టుకుని లేచాడు. చెమట తడి ఇంకా లోపల వెచ్చగా ఉంది. తల మీద పెట్టుకున్నాడు. ఎవరో ఈల వేశారు. తరవాత అందరూ వేశారు.

“మార్చిలో ఎలా ఆడతావురా?” చెవిలో అన్నాడు ఆదిశేషు.

“నిలబడి.”

శనివారం పొద్దున ముదీర్ తేదీ గడిలో మే పదిహేను వేశాడు. పర్శరాములు సంతకం పెట్టి బ్యారక్‌కు వచ్చి, ట్రంకు పెట్టె అడుగు నుంచి అట్టముక్క లాంటి కాగితం ఒకటి తీశాడు. 1979 హాల్‌టికెట్, తను వచ్చేశాక ఇంటి నుంచి పోస్టులో వచ్చింది. ఫోటోలో అప్పుడప్పుడే మొలిచిన మీసం, దాని కింద వాడని నంబరు. దాన్ని కవర్లో పెట్టి, ఉత్తరం మొదలుపెట్టాడు.

‘తమ్మీ భోజన్నా, విసా మేల వస్తది. పరీక్ష రాసి రా. దుబాయ్‌ల సెప్టెంబర్ ఉండదు, నేను ఎనిమిదేండ్లు దేవులాడిన. ఇండ్ల పెట్టిన కాయితం లచ్చన్న సారుకు ఇయ్యి. ఆయన అడిగిన దానికి జవాబు ఇదే అని చెప్పు. ఇగ నీ ఎడమ కాలు జాగ్రత్త. ఇక్కడ నేను నీ జాగ కాస్తున్న.’

కవరు అంటించి జేబులో పెట్టుకున్నాడు. బయట టిప్పర్ హారన్ మోగింది. ఆదిశేషు తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు.

“యల్లా, చిరుతపులీ! ఎక్కగలవా, ఎత్తాలా?”

“ఎత్తురా” అన్నాడు పర్శరాములు, చెయ్యి చాపి.