తాళానికి పెట్టిన బొట్టు

నేను ఒక ఇత్తడి తాళంకప్పను. ఉత్తరాదిన ఒక చిన్న కార్ఖానాలో కళ్లు తెరిచాను. నన్ను బిగించిన ముసలాయన చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి నొక్కి, ‘టక్’మన్న చప్పుడు విని నవ్వాడు. దొంగల నుంచి ఇళ్లను కాపాడటానికే పుట్టానని ఆ రోజు నుంచీ కలలు కనేదాన్ని.

మండపేట సంతలో నన్ను భాస్కరం కొన్నాడు. కొత్తగా పెళ్లైనవాడు. అతని ఇంట్లో దొంగలు మెచ్చే వస్తువేదీ లేదు. అయినా పొరుగూరు వెళ్తే భార్య సుభాషిణిని లోపల ఉంచి నన్ను వేసేవాడు. రోజులు బాగోలేవు, నీకోసమే అని మెత్తగా చెప్పేవాడు. తర్వాత కొట్టుకెళ్లినా వేశాడు. తర్వాత పక్క వీధికెళ్లినా. ఆమె ఫోను అతని జేబులోనే ఉండేది. అక్కతో మాట్లాడితే ఆమె మనసు పాడవుతుందట. ఏ చీర కట్టాలో కూడా అతనే తీసి ఇచ్చేవాడు. ఒక్కసారీ చెయ్యెత్తలేదు. పెళ్లాన్ని పువ్వులా చూసుకుంటాడని ఊరంతా మెచ్చుకునేది. పువ్వుకు తాళమెందుకని ఎవరూ అడగలేదు.

నేనూ అడగలేదు. మధ్యాహ్నాలు ఆమె తలుపుకు నుదురు ఆనించి కూర్చుంటే ఆ వెచ్చదనం చెక్కలోంచి నా దాకా వచ్చేది. నా కాపలా నచ్చిందనుకున్నాను.

శ్రావణమాసం వచ్చింది. ఈ వైపు పేరంటానికి పిలవడానికి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే తాళానికే బొట్టు పెట్టి వెళ్తారు. పిలుపు అందినట్టే. రెండు శుక్రవారాలు పక్కింటి మంగతాయారు నాకు అలాగే కుంకుమ అద్ది వెళ్లింది. రెండుసార్లూ నేను పట్టుపావడా కట్టుకుని పేరంటానికి వెళ్తున్నట్టు కలగన్నాను.

మూడో శుక్రవారం ఆమె వెనుదిరగబోతుంటే లోపలి నుంచి మాట వినబడింది.

“పిన్నీ, ఆ బొట్టు నాకు పెట్టవా?”

మంగతాయారు తలుపు దగ్గరకు వంగింది. “సుభా... ఇన్ని వారాలూ లోపలే ఉన్నావటే?”

“మాట్లాడితే ఆయనకి తెలిసిపోద్దని.”

“తాళం ఇంటికేశాడా, నీకేశాడా?”

ఆ జవాబు నాకు తెలుసు. కుంకుమ ఉన్నట్టుండి బరువైంది.

మంగతాయారు కదల్లేదు. భరిణె ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. పిలుపు కోసం చూసి చూసి, ఆమెను వెతుక్కుంటూ మరో అయిదుగురు పేరంటాళ్లు వచ్చి పక్కనే కూర్చున్నారు. భాస్కరం వచ్చాడు. భద్రంగా ఉంటుందనే వేశానని నవ్వాడు.

“భద్రంగానే ఉందిలే బాబూ. తాళంచెవి ఇలా ఇయ్యి. పిల్ల నుదుటికి బొట్టెట్టాలి.”

ఆరుగురి ముందు కాదనలేక ఇచ్చాడు. మొదటిసారి ఇంకొకరి చేతిలో తెరుచుకున్నాను. పేరంటంలో మంగతాయారు ఫోను నుంచే సుభాషిణి అక్కకు కబురంపింది. సాయంత్రం అక్క వచ్చింది. బయల్దేరుతూ సుభాషిణి గొళ్లేనికి వేలాడుతున్న నన్ను తీసి సంచిలో వేసుకుంది. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు అక్క వాళ్ల ఊళ్లో ఆమెకొక గది ఉంది. పొద్దున్నే కుట్టుపనికి వెళ్తుంది. తాళంచెవి ఆమె కొంగుముడిలో ఉంటుంది. నా మీద కుంకుమ ఇంకా పూర్తిగా చెరగలేదు. నన్ను నొక్కేముందు ఆమె ప్రతిరోజూ ఖాళీ గదిలోకి తొంగిచూసి, “లోపల ఎవరూ లేరుగా?” అని అడుగుతుంది.

జవాబు రాదు. అప్పుడు టక్‌మంటాను.