మిల్లు ముడి

మూడో వరుసలో కిటికీ పక్క సీటు మీద షెన్ యూఫెన్ అరచెయ్యి ఆనించి చూసింది. ఇంకా చల్లగానే ఉంది. వేడినీళ్ళ రబ్బరు సంచిని దూదిదిండు కిందికి మరికాస్త తోసి, పైన తన కోటు కప్పి పక్కనే కూర్చుంది. బయట తియాన్‌జిన్ నగరానికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బస్సు అద్దాలకి లోపలివైపు కూడా మంచు పట్టింది.

"అలా పొదిగితే ఆ సీటు పిల్లల్ని పెట్టేస్తుందక్కా," అన్నాడు డ్రైవరు మెంగ్. అతని చేతిలో పెసరపిండి అట్టు పొగలు కక్కుతోంది. లోపల కోడిగుడ్డు, కరకరలాడే పిండిగొట్టం, పైన ఎర్రటి పచ్చడి.

"ముందు నువ్వా అట్టు కానివ్వు. పిల్ల ఎక్కేసరికి బస్సంతా వెల్లుల్లి కంపు."

"ఉన్నది ఒక్కర్తే ప్యాసింజరు. ఆవిడగారికి వెల్లుల్లంటే ప్రాణం. ఎవరు అలవాటు చేశారో మరి."

అలవాటు చేసింది యూఫెనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

విదేశాల నుంచి కొలువులకొచ్చిన కుటుంబాల పిల్లలు చదివే బడి బస్సు అది. పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం దింపేస్తారు. దారి పొడుగునా పిల్లల చెయ్యి పట్టి ఎక్కించి, బెల్టులు పెట్టి, వాంతి చేసుకుంటే తుడిచి, దింపేటప్పుడు లెక్క చూసుకోవడం యూఫెన్ పని. పిల్లలంతా ఆవిణ్ణి పిన్నీ అనేవాళ్ళు. ఒకప్పుడు ఈ బస్సులో కూర్చోను చోటుండేది కాదు. కొరియా పిల్లలు వెనక సీట్లో కొట్టుకునేవాళ్ళు, జర్మనీ కవలలు ఒకళ్ళ టోపీలు ఒకళ్ళు మార్చుకుని ఆవిణ్ణి తికమక పెట్టేవాళ్ళు. ఆ మాయదారి జబ్బు వచ్చిన ఏడాది సెలవులకి వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉండిపోయారు. ఉన్నవాళ్ళని కంపెనీలు ఒక్కొక్కళ్ళనే వెనక్కి పిలిపించుకున్నాయి. చివరికి ఈ దారిన మిగిలింది నెరెయా ఒక్కత్తి. స్పానిష్ పిల్ల, తొమ్మిదేళ్ళు నిండలేదు. తండ్రి విమానాల కర్మాగారంలో ఇంజనీరు.

రేపు శుక్రవారం బడికి ఆఖరి రోజు. సెలవుల తరవాత ఈ దారిలో బస్సు తిరగదు. మెంగ్‌ని యాత్రల బస్సుకి వేశారు, యూఫెన్‌ని ఇంటికి పొమ్మన్నారు. శనివారం నెరెయా వాళ్ళు విమానం ఎక్కేస్తారు.

ఆవిడ బెంగ ఇంటికి పోవడం గురించి కాదు. రేప్పొద్దున ఆ పిల్లకి జ్యావ్‌జలు తినిపించాలి, అదీ బెంగ. ఎవరు ప్రయాణం కట్టినా కజ్జికాయల్లా అంచులు నొక్కి ఉడికించిన ఆ జ్యావ్‌జలు నాలుగు తినిపించి గాని గడప దాటనివ్వరు అక్కడి ఇళ్ళల్లో. బండెక్కేవాళ్ళకి జ్యావ్‌జలు, దిగేవాళ్ళకి నూడుల్స్. అంచులు అతికినట్టే తిన్నవాళ్ళు క్షేమంగా ఉంటారని, మళ్ళీ కలుస్తారని. కానీ బడిలో బయటి తిండి నిషేధం. అంతకుముందోసారి కడుపులో తిప్పుతోందన్న పిల్లకి అల్లం బెల్లం ముక్క పెట్టినందుకు పెద్ద టీచరు గదికి పిలిపించారు. ఆ దొరసాని చాలాసేపు మాట్లాడింది. పక్కనున్నవాళ్ళు అదంతా చైనీస్‌లో చెప్పారు. అంతా విని యూఫెన్ "అలాగేనమ్మా" అంది. ఆ అవమానం ఇంకా పచ్చిగానే ఉంది.

"బస్సెక్కాక కాదు. వాళ్ళ గేటు ముందు, రోడ్డు వార పెడతాను," అంది ఇప్పుడు. "రోడ్డు బడి వాళ్ళది కాదుగా."

"కాదు, పోలీసులది. వాళ్ళకీ నాలుగు పడేస్తే సరి," అన్నాడు మెంగ్, నూనె చేతులు తుడుచుకుని బస్సు కదిలిస్తూ.

నెరెయా గేటు దగ్గర సిద్ధంగా నిలబడి ఉంది. మామూలుగా బస్సు కనబడగానే చెయ్యూపుతూ, "ఏంటి బాబాయ్, ఇవాళ కూడా అట్టు నువ్వొక్కడివే మింగేశావా?" అని అచ్చం తియాన్‌జిన్ సంతలో బేరమాడే ఆడవాళ్ళలా సాగదీస్తుంది. ఆ మాటలన్నీ బస్సులో పట్టుబడ్డవే. ఇవాళ ఏమీ అనలేదు. ఎక్కి, తన సీట్లో కూర్చుని, కోటు జేబులోంచి నూలుతాడు తీసింది.

ఆ నూలుతాడు ఆటా యూఫెన్ నేర్పిందే. పదిహేడో ఏట నూలుమిల్లులో చేరినప్పుడు ఆవిడకి మొదట నేర్పిన పని తెగిన పోగు ముడివెయ్యడం. మగ్గం ఆగకూడదు, ముడి కనబడకూడదు, ఎంత లాగినా జారకూడదు. కళ్ళు మూసుకుని వేసేది. మిల్లు మూసేసిన రోజు అందరూ చేతికందింది పట్టుకుపోతుంటే తను మాత్రం ఒక సంచెడు దూది తెచ్చుకుంది. ఆ దూదే ఈ దిండులో ఉంది. ఆడపిల్ల చల్లటి సీటు మీద కూర్చుంటే పెద్దయ్యాక కడుపునొప్పులని, కిందటి చలికాలం కుట్టి, సీటు కాలికి రెండు పట్టీలతో మిల్లు ముడి వేసి కట్టేసింది. అది చూసి నెరెయా నాకూ నేర్పమని పట్టుబట్టింది. పిల్లది ఎడమచేతి వాటం. యూఫెన్ వేసిన ముడి కొసలు కుడివైపుకి వాలితే, నెరెయా వేసిన ముడి కొసలు ఎడమవైపుకి వాలేవి. "మిల్లులో అయితే నిన్ను మగ్గానికి అవతలివైపు నిలబెట్టేవాళ్ళమే," అని నవ్వేది యూఫెన్.

ఇవాళ పిల్ల తాడు వేళ్ళకి చుట్టుకుంది గాని ముడి వెయ్యలేదు. బడి దగ్గరపడుతుండగా అడిగింది.

"పిన్నీ, ఈ దిండు నేను తీసుకుపోనా?"

యూఫెన్ గుండె ఉప్పొంగింది. అడగకపోయినా ఇవ్వాలనే అనుకుంటోంది. అయితే మాసిన గలేబుతో ఎలా ఇస్తుంది? వాళ్ళమ్మ ఏమనుకుంటుంది? కొత్త గలేబు కుట్టింది కూడా, ఎర్రపూలది. బొత్తాలు కుట్టడం ఒక్కటే మిగిలింది.

"ఇవాళ వద్దు తల్లీ, మురికిగా ఉంది. సాయంత్రం పట్టుకెళ్ళి ఉతికి, రేపు ఇస్తాగా."

"మురికి లేదు పిన్నీ."

"నీకు తెలీదు. రేపు ఇస్తా. రేపు ఇంకోటి కూడా ఉంది, చెప్పను."

నెరెయా ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూసింది. "సరే పిన్నీ, రేపు," అంది.

బడి దగ్గర యూఫెన్ ముందు దిగి, రోజూలాగే మెట్టు పక్కన చెయ్యి చాచి నిలబడింది. పిల్ల వెంటనే దిగలేదు. ఏదో మరిచిపోయినట్టు లోపలే ఉండి, తరవాత డ్రైవరు పక్కకి వంగి ఏదో చెప్పింది. దిగాక యూఫెన్ నడుం చుట్టూ చేతులు వేసి, కోటులో ముఖం దాచుకుంది. "చలా? లోపలికి పద, పద," అని ఆవిడ పిల్ల మెడకి మఫ్లరు బిగించి పంపేసింది. మొదటి గంట కొట్టేస్తున్నారని ఆవిడ తొందర ఆవిడది.

తరవాత బస్సు ఊడ్చి సంతకి పోయింది. ఘాటైన ఉల్లికాడలు మంచివి ఏరుకుని, ఇంటికెళ్ళి సన్నగా తరిగి, వేయించిన గుడ్డు తరుగుతో కలిపి పెట్టింది. తరుగుతుంటే కూతురు లీమిన్ గుర్తొచ్చింది. లీమిన్ మిల్లు వాళ్ళ పసిపిల్లల గదిలో పెరిగింది. పాలిచ్చే వేళకి గంట కొడితే, జుట్టంతా దూది పోగులతో పరిగెత్తుకెళ్ళి పాలిచ్చి, మళ్ళీ గంట కొడితే పిల్లని ఊడలాక్కుని వచ్చేసేది. ఆ పిల్లని ఒక్కరోజు బడికి తీసుకెళ్ళిన పాపాన పోలేదు. పదహారో ఏట లీమిన్ నర్సు చదువుకి వేరే ఊరు వెళ్ళిన రోజున కూడా తను మిల్లులోనే ఉంది. జ్యావ్‌జలు అత్తగారు పెట్టింది. పని దిగి స్టేషనుకి పరిగెత్తేసరికి ఉత్త పట్టాలు కనబడ్డాయి. ఇప్పుడు లీమిన్ ఇదే ఊళ్ళో ఉంది. ఆదివారం ఆదివారం వస్తుంది, పళ్ళు తెస్తుంది, బీపీ చూస్తుంది, మర్యాదగా మాట్లాడి వెళ్ళిపోతుంది. తల్లీకూతుళ్ళ మధ్య తగువు లేదు. ఉంటే బాగుండునని యూఫెన్‌కి ఒక్కోసారి అనిపిస్తుంది.

పరాయివాళ్ళ పిల్లల్ని బడికి చేర్చి ఆ బాకీ తీర్చుకుంటున్నానని ఆవిడ ఎవరితోనూ అనలేదు. కానీ అలాగే అనుకునేది.

మధ్యాహ్నం బడి ఆవరణకి తిరిగొచ్చేసరికి మెంగ్ తోటి డ్రైవర్లతో పేకాటకి కూర్చోకుండా బస్సులోనే ఉన్నాడు. ఆవిడ కోసం కాల్చిన చిలగడదుంప కొని, కాగితంలో చుట్టి ఉంచాడు.

"ఏంటోయ్, లాటరీ తగిలిందా?"

"తినక్కా. చల్లారిపోతుంది."

అంతే అన్నాడు. మెంగ్ నోట ఎకసెక్కం లేని మాట వినడం కొత్తగా ఉండి, ఒంట్లో బాగోలేదేమో అనుకుందావిడ.

సాయంత్రం గంట కొట్టారు. పిల్లలు బస్సులవారీగా వరసలు కట్టారు. తమ వరసలో ఎవరూ లేరు. యూఫెన్ కాసేపు చూసి, పిల్లల్ని పంపే తావ్ అనే అమ్మాయిని అడిగింది.

"నెరెయానా? భోజనాల వేళే వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళిపోయింది కదండీ. టికెట్లు ముందుకి జరిపారట, ఇవాళే ప్రయాణం. రెండ్రోజుల కిందటే ఆఫీసుకి చెప్పారు." తావ్ తలెత్తి ఆవిడ ముఖం చూసింది. "మీకెవరూ చెప్పలేదా?"

"బస్సు పిన్నికి ఎవరు చెప్తారమ్మా," అంది యూఫెన్. కోపంగా కాదు, నిజమే గనక.

బస్సెక్కి తలుపు వేసింది. మెంగ్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఆ వీపు చూడగానే ఆవిడకి అర్థమైంది.

"పొద్దున నీకు చెప్పింది."

"చెప్పిందక్కా."

"ఏమని?"

"'బాబాయ్, నేను మధ్యాహ్నమే వెళ్ళిపోతున్నా, పిన్నికి చెప్పకు, ఏడుస్తుంది' అంది. నాతో ఒట్టు వేయించుకుంది."

"చిన్నపిల్ల అంటే అంటుంది. నీకు బుద్ధి లేదా? రోజంతా వాగే నోరు, ఇవాళే పడిపోయిందా? నువ్వొక్క మాట చెప్పుంటే గేటు దగ్గర నిలబడి ఆ దిండు ఇచ్చేదాన్ని. మురికిదే ఇచ్చేదాన్ని."

మెంగ్ కళ్ళు తుడుచుకున్నాడు. "చెప్పాలనే పేకాటకి కూడా పోలేదు. దుంప నీ చేతిలో పెట్టాక నోరు రాలేదు."

తిట్టడానికి ఇంకా చాలా ఉంది గాని ఆవిడకి ఓపిక లేకపోయింది. ముందు సీట్లో కూలబడి, మిల్లు బట్టలతో స్టేషనులో నిలబడ్డ రోజున ఏడవని ఏడుపు కూడా కలిపి ఏడ్చింది. మెంగ్ బస్సు కదిలించాడు. తిన్నగా డిపోకి పోవచ్చు. పోలేదు. కొరియా పిల్లలు దిగే వీధిలో ఆపి తలుపు తెరిచాడు. చలిగాలి లోపలికొచ్చింది. తలుపు మూసి, కవలలు దిగే మలుపు దగ్గర మళ్ళీ తెరిచాడు. నెరెయా వాళ్ళ గేటు దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆపాడు. పై అంతస్తులో వాళ్ళ కిటికీకి కర్టెన్లు తీసేశారు. గేటు కాపలావాడు బస్సుని చూసి, లేరు, లేరు అని చెయ్యి తిప్పాడు.

"తరిగి పెట్టిన కూర అంతా అలాగే ఉంది," అంది యూఫెన్. "రేపు పొద్దున అట్టు కొనుక్కోకు. జ్యావ్‌జలు తెస్తా."

"దిగిపోయేవాళ్ళం గదక్కా మనం. మనకి నూడుల్స్ పెట్టాలి లెక్కప్రకారం."

"నోరు మూసుకుని పెట్టింది తిను."

"దిండు పోస్టులో పంపిద్దామా?"

"చిరునామా మనకెవరిస్తారు? అదీ నిబంధనేగా."

డిపోకి చేరేసరికి చీకటి పడుతోంది. మెంగ్ దిగి, తాళాలు అప్పగించడానికి వెళ్ళాడు. పంపినా పంపకపోయినా ఉతకాల్సింది ఉతకాలి అనుకుని యూఫెన్ మూడో వరుస దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. రబ్బరు సంచిలో నీళ్ళు ఎప్పుడో చల్లబడిపోయాయి. సీటు కాలి దగ్గర ముడి కోసం తడిమింది. చూడక్కర్లేదు, ఆ వేళ్ళకి చూపు అవసరం ఉండదు. కానీ ముడి దగ్గర వేళ్ళు తడబడ్డాయి. వంగి చూసింది.

ముడి ఆవిడ వేసింది కాదు.

పొద్దున తను మెట్టు పక్కన చెయ్యి చాచి నిలబడి ఉండగా పిల్ల లోపల ఎందుకు ఆలస్యం చేసిందో అప్పుడు తెలిసింది. విప్పింది. పట్టుకుపోదామనే విప్పింది. రేపు ఇస్తానన్న పిన్ని మాట గుర్తొచ్చిందో ఏమో, తిరిగి కట్టేసింది, నేర్పినట్టే, జారకుండా.

యూఫెన్ ముడి మీద నుంచి చెయ్యి తీసేసింది. కోటు వేసుకుంది. రబ్బరు సంచిలో నీళ్ళు ఒలకబోసి, సంచిని చంకన పెట్టుకుంది. బయట నుంచి మెంగ్ పిలిచాడు. "వస్తున్నా," అని బస్సు దిగింది.

మూడో వరుసలో కిటికీ పక్కన మాసిన గలేబుతో దిండు అలాగే ఉంది, దాని పట్టీల కొసలు ఎడమవైపుకి వాలి ఉన్నాయి.