అత్తగారి సొరచేప

పెళ్ళయిన పదకొండేళ్ళకి అల్లుడికి అత్తగారింట్లో గౌరవం దక్కింది. అదీ నాలుగు పళ్ళ పుణ్యమా అని.

అంతకుముందు ఎవరైనా ఆయన ఉద్యోగం గురించి అడిగితే, "మ్యూజియంలో పళ్ళు ఏరుతాడు" అని అత్తగారు మాట తుంచేసేది. అది అబద్ధమేమీ కాదు. ఒకప్పుడు సముద్రం ఉండి, ఇప్పుడు సున్నపురాయి తవ్వుతున్న చోటు నుంచి బస్తాలకొద్దీ మట్టి వచ్చేది. దాన్ని జల్లెడ పట్టి, దొరికిన సొరచేప పళ్ళని భూతద్దం కింద పెట్టి, ఏ పన్ను ఏ చేపదో తేల్చడమే ఆయన పని. సొరచేపకి గట్టి ఎముకలుండవు. చచ్చాక ఒళ్ళంతా కరిగిపోయి పళ్ళే రాయిగా మిగులుతాయి. అంతరించిపోయిన చేపకి పన్నే ఊరు, పన్నే పేరు.

కిందటేడు నాలుగు వింత పళ్ళు దొరికాయి. బఠాణీ గింజంత పొట్టిగా ఉండి, ఒక పక్కకి వంగి, అటూ ఇటూ చిన్న బుడిపెలతో ఉన్నాయి. తెలిసిన ఏ చేప పన్నుతోనూ అవి కలవలేదు. ఏడాదిపాటు పుస్తకాలు తిరగేసి, ఇది కొత్త జాతేనని వ్యాసం రాశాడు. కొత్త జాతికి పేరు పెట్టే హక్కు ఆ వ్యాసం రాసినవాడిదే. భార్య పేరు పెడతానంటే ఆవిడ రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"నాకొద్దు బాబోయ్. మా అమ్మకి పెట్టండి, ఇంట్లో శాంతి ఉంటుంది."

పెట్టాడు. శాంతి వరదలా వచ్చిపడింది. అత్తగారు చుట్టాలందరికీ ఫోన్లు చేసింది, అందరికంటే ముందు తన అక్కకి. ఆ అక్కగారి అల్లుడు పెద్ద కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఆవిడ చెప్పడం, ఈవిడ వినడం.

"సొరచేపకి అత్త పేరా? మీ అల్లుడు కసి తీర్చుకున్నాడే!" అని అక్క వెక్కిరించింది.

"కసి అయితేనేం, కోట్ల ఏళ్ళ నాటి చేప. నీ పేరు మీ వీధి చివర కూడా తెలీదు" అని చెల్లెలు తిప్పికొట్టింది. ఆ వారం నుంచి అల్లుడు వెళ్తే వేడి కాఫీ, ఫ్యాను కింద కుర్చీ.

వ్యాసం అచ్చుకి సిద్ధమైంది. దిద్దుబాట్లేమైనా ఉంటే బుధవారం మధ్యాహ్నం లోపల చెప్పమని పత్రిక నుంచి కబురొచ్చింది. సరిగ్గా ఆ బుధవారం పొద్దున, ఆయన ఎప్పటిలాగే దేవుణ్ణి తలుచుకుని పళ్ళ పెట్టెలు తెరవబోతుంటే, పక్క గదిలోంచి సూదమ్మ పిలిచింది. రాళ్ళని సూదితో గోకి లోపలివి బయటికి తీయడం ఆవిడ పని. అందుకే అందరికీ సూదమ్మ.

"సార్, ఒకసారి ఇటు రండి. కంగారు పడకండి."

కంగారు పడొద్దన్నాక పడకుండా ఎలా ఉంటాడు? గబగబా వెళ్ళాడు.

రొట్టెంత రాతిముక్క. అందులో పళ్ళు చెదరకుండా వరస తీరి ఉన్నాయి. చేప చచ్చి అడుగున పడ్డప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. ముందువి పొడుగ్గా, అంచుకి రంపపు గాట్లతో ఉన్నాయి. అది ఎప్పటినుంచో తెలిసిన చేపే, మ్యూజియంలో దాన్ని రంపంమూతి అంటారు. పక్క పళ్ళు వెడల్పుగా ఉన్నాయి. వరస మూలకి వెళ్ళేసరికి పళ్ళు చిన్నవైపోయి, వంగిపోయి, అటూ ఇటూ బుడిపెలు వేసుకుని కూర్చున్నాయి.

ఆయన తన నాలుగు పళ్ళూ తెచ్చి పక్కన పెట్టాడు. పంటి వేరు మీది గాడితో సహా అవే. కొత్త చేపా లేదు, పాడూ లేదు. అత్తగారి పేరు పెట్టింది రంపంమూతి మూల పళ్ళకి.

"నోరు మెదపకండి సార్, అచ్చయిపోనివ్వండి" అంది సూదమ్మ జాలిగా. "పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఎవరో దిద్దుతారు. అందాకా పెద్దావిడ సంతోషంగా ఉంటుంది."

"మన రాయి మన కళ్ళ ముందుండగానా?"

"నేనింకా ఈ రాయి గోకలేదనుకోండి."

ఆయనకి నవ్వొచ్చింది, ఆశా కలిగింది. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. పేరు పెట్టాం కదా అని దేవుడు కొత్త చేపని పుట్టిస్తాడా? ఒక్క నోట్లో ఆయన ఇన్ని తీరుల పళ్ళు అమరిస్తే, నాలుగు చూసి తేల్చేసే తొందర తనకెందుకు కలిగింది? చెయ్యాల్సిందేమిటో మాత్రం తోచింది. "ఇది కొత్త జాతి కాదు, నేనే పొరబడ్డాను, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను" అని పత్రికకి మెయిల్ పంపేశాడు. గంట పదకొండు.

మూడింటికి అత్తగారు దిగింది. ఒక్కతే కాదు, అక్కని వెంటేసుకుని మరీ.

"అల్లుడుగారూ, అక్కకి నా చేపని చూపించండి."

పారిపోదామంటే ఆ గదికి ఒకటే తలుపు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రాయి చూపించి, నాలుగు పళ్ళూ పక్కన పెట్టి, మెయిల్ పంపిన సంగతి కూడా దాచలేదు.

ముందు అక్కగారు నవ్వింది. "అంటే మీ అల్లుడు పప్పులో కాలేశాడన్నమాట! లేని చేపకి నీ పేరు పెట్టాడా?"

అత్తగారు భూతద్దం అందుకుని రాయి మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

"ఈ తప్పు ఎవరు పట్టుకున్నారు?"

"రాయి గోకింది సూదమ్మ, పళ్ళు పోల్చి తేల్చింది నేనే అత్తయ్యా."

"చెప్పమని ఎవరైనా అడిగారా?"

"లేదు."

"ఊరుకుంటే?"

"మీ పేరు అచ్చయ్యేది."

అత్తగారు భూతద్దం కింద పెట్టి అక్క వైపు తిరిగింది. "విన్నావా? మీ అల్లుడు ఇన్నేళ్ళలో ఒక్కసారైనా 'పొరబాటు నాదే' అన్నాడా? మొన్న కారు గోడకి గుద్ది, గోడ అడ్డొచ్చిందన్నాడు!"

"అడ్డొచ్చిందనలేదే" అంది అక్కగారు వెంటనే. "నిన్నటిదాకా అక్కడ గోడే లేదన్నాడు."

అని తనే ముందు ఫక్కున నవ్వింది. సూదమ్మ సూది కింద పెట్టి మరీ నవ్వింది.

నవ్వులు సద్దుమణిగాక అత్తగారు మెల్లగా అడిగింది. "ఇక నా పేరు ఎక్కడా ఉండదు కదూ?"

ఉంటుందని చెప్పాలని ఆయనకి ఎంతో అనిపించింది. "ఉండదు అత్తయ్యా."

"సరే." కొంగుతో ఒకసారి ముఖం తుడుచుకుంది. "ఈసారి కొత్తది దొరికితే అక్క పేరు పెట్టండి. అది కూడా తప్పే అయితే నేనూ కాస్త నవ్వుకుంటాను. కానీ నోరంతా దొరికాకే పెట్టండి."

"నా జోలికొస్తే ఊరుకోను" అంటూనే అక్కగారు భూతద్దం లాక్కుంది. ఇద్దరూ వేలు పెట్టి పళ్ళు లెక్కపెట్టారు. ఒకరికి పంతొమ్మిది వచ్చాయి, ఇంకొకరికి ఇరవై.

"ఇంకా రెండో మూడో రాతి లోపలే ఉన్నాయమ్మా" అంది సూదమ్మ.

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే కానివ్వమ్మా. అవి కూడా చూసే వెళ్తాం."