ఎవరూ ముట్టుకోని సర్టిఫికెట్

రక్తదాతల వెబ్‌సైటును వదిన ఒంటిచేత్తో నడిపేది. సైటు అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది. అది తీరేలోపు ఆమె సైటు పేరు అమ్మిన డొమైన్ కంపెనీ పేజీ తెరిచి, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు అడిగిన సంకేతాన్ని అక్కడ అతికించి, కొత్తది తెచ్చుకునేది. ఆ కిటుకు ఇంకెవరికీ తెలియదు.

వదినకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో ఉండగానే గడువు దాటింది. పక్క మంచం రోగి తమ్ముడు రక్తం కోసం ఫోన్లో సైటు తెరిచి, ఎర్ర హెచ్చరిక చూసి, "ఇదేదో దొంగ సైటులా ఉంది" అని మూసేశాడు.

"అయ్యో, అది నాదే బాబూ!" అంటూ వదిన కుట్లు లాగుతున్నా లేచి, తనకు తెలిసిన దాతకు ఫోన్ చేసింది. రక్తం దొరికింది. కానీ ఆమె మనసు కుదుటపడలేదు.

ఇంటికి రాగానే ప్రోగ్రాములు రాసే ఆడపడుచును పట్టుకుంది. "నేను మంచాన పడితే సైటూ మంచాన పడాలా? నా చెయ్యి అక్కర్లేకుండా చెయ్యవే!"

డొమైన్ కంపెనీ ప్రోగ్రాముల కోసం తెరిచి ఉంచిన దారి ఒకటుంది. ఆ సంకేతం రాయడానికి, చెరపడానికి మాత్రమే పనికొచ్చే రహస్య తాళం అక్కడ తీసుకున్నారు. గడువు దగ్గరపడితే తనే నడిచేలా ఆడపడుచు దాంతో ఒక ప్రోగ్రాము రాసింది. మొదటిసారి బెడిసికొట్టింది.

"తొందరపడ్డాం వదినా. మనం రాసింది బయటికి కనబడకముందే వాళ్ళను చూసుకోమన్నాం" అని, ఆడపడుచు ప్రోగ్రాముకు కాస్త ఆగడం నేర్పింది.

మళ్ళీ నడిపారు. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళ నుంచి సంకేతం వచ్చింది. ఇటు దానంతటదే రాసుకుంది, ఆగింది. ఎక్కడో ఉన్న వాళ్ళ యంత్రాలు వచ్చి చదివి వెళ్ళాయి. సర్టిఫికెట్ వచ్చింది. రాసిన సంకేతం చెరిగిపోయింది.

మడత పెట్టాల్సిన బట్టలతో వచ్చిన అత్తగారు అక్కడే నిలబడిపోయారు. "వాళ్ళెవరు? మన మొహమైనా చూడకుండా నమ్మేశారా?"

"ఈ పేరు మాదేనని రుజువు చూపించాం అత్తయ్యా. అంతే."

"అంతేనా!" అన్నారావిడ, బట్టల సంగతి మరిచి.

కొన్నాళ్ళకు రైల్లో వెళ్తూ వదిన సైటు తెరిచింది. సర్టిఫికెట్ మీద కొత్త తేదీ ఉంది. వెంటనే ఫోన్ చేసింది.

"నువ్వేమైనా చేశావా?"

"లేదొదినా. మీరు?"

"నేనూ ముట్టుకోలేదే!"

ముక్కూమొహం తెలియని యంత్రాలు, మనుషులెవరూ పిలవకుండానే, ఒకదాన్నొకటి పలకరించుకుని పని ముగించుకున్నాయి. కిటికీలోంచి వెనక్కి పోతున్న స్తంభాలనూ తీగలనూ వదిన కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయింది.