పీతల పులుసుకు ఎ గ్రేడు

బందరులో శిక్షణ ఇచ్చి మధుసూదనరావు గారిని తోటి సమీక్షకుడిగా తయారుచేశారు. అంటే ఒక పంచాయతీ కార్యదర్శి ఇంకో పంచాయతీకి వెళ్లి, అక్కడి పని చూసి, గ్రేడు వేసి, మంచిచెడ్డలు చెప్పాలట. "మీరు తనిఖీ అధికారులు కారు, మిత్రులు" అని శిక్షకురాలు పదేపదే చెప్పింది. గుడివాడ పక్కన ఉద్యోగం చేస్తూ, తనిఖీ అంటేనే హడలిపోయే మనిషాయన. ఆ ఒక్క మాటా బాగా తలకెక్కింది. మిగతావన్నీ భోజనాల తర్వాత చెప్పారు కాబట్టి ఆయన తప్పేమీ లేదు.

ఆయనకు దివిసీమలో ఒక ఊరు పడింది. అక్కడి కార్యదర్శి ప్రీతి ఆయన కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. మంచినీళ్ల చెరువు దగ్గర ఇసుక ఫిల్టరు మూసుకుపోయి కుళాయిల్లో పచ్చటి నీళ్లొస్తున్నాయి. ఇంటింటా పిల్లలకు విరేచనాలు. సి గ్రేడు వచ్చిన ఊళ్లకే మరమ్మతు నిధులిస్తామన్నారు. తన ఊరికి చెడ్డపేరు తెప్పించమని ఆదివారం చర్చిలో ప్రార్థన చేసిన ఉద్యోగి ఈ జిల్లాలో ప్రీతి ఒక్కతే అయ్యుంటుంది.

ఈ సంగతంతా సర్పంచ్ బుల్లెమ్మకు తెలుసు. తెలిసే, తన ఏలుబడిలో ఊరికి సి రాకూడదని పీతల పులుసు వండించింది.

"భోజనం వద్దండీ బుల్లెమ్మ గారూ. చూసి వెళ్లనివ్వండి ఆయన్ని."

"బాగుందమ్మా! గుడివాడ నించొచ్చిన మనిషిని పస్తు పంపిస్తే ఊరి పరువేం కాను?"

పులుసుతో పాటు రొయ్యల వేపుడు, గడ్డపెరుగు. తాగడానికి అవనిగడ్డ నుంచి టిన్ను నీళ్లు. అతిథికి కుళాయి నీళ్లెవరిస్తారు?

భోజనానికి ముందే ప్రీతి ఆయన్ని ఫిల్టరు దగ్గరికి తీసుకెళ్లి, గ్లాసులో నీళ్లు పట్టి చూపించింది. ఆయన ముక్కు మూసుకుని "అయ్యయ్యో" అన్నారు. ఆమె మనసు తేలికపడింది. భోజనమయ్యాక మాత్రం ఆయన అయ్యయ్యో అనలేదు.

"సార్, నీళ్లకు సి వేయండి."

"భయపడకమ్మా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషిని కాను."

"భయం కాదండీ, సి వేస్తేనే నిధులొస్తాయి."

"నిధులొస్తాయో రావో, మెమో మాత్రం ముందొస్తుంది. ఇలాంటివి ఎన్ని చూళ్లేదు! మనం మిత్రులం కదమ్మా."

అన్నిటికీ ఎ వేసి, బుల్లెమ్మ కట్టించిన పులుసు క్యారేజీ పట్టుకుని బస్సెక్కారు. ప్రీతికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. లంచం తీసుకున్నవాడి మీదైతే ఫిర్యాదు చేయవచ్చు. ఇంత మంచివాణ్ణి ఏం చేస్తాం?

ఎ గ్రేడు ఊరి కార్యదర్శి కదా, ప్రీతిని కూడా బందరు పిలిపించి శిక్షణ ఇచ్చారు. ఆమె వంతుకు మధుసూదనరావు గారి ఊరే వచ్చింది. అక్కడి ఫిల్టరు సంగతీ అంతే. ఆయన ఇంట్లో కోడి పలావు ఘుమఘుమలాడుతోంది. ప్రీతి "ఉపవాసమండీ" అని అబద్ధమాడింది. నిజం రాయడానికి ఆ ఒక్క అబద్ధం అవసరమైంది. ఎంగిలి పడకుండా లేచి వచ్చి, సి వేసింది.

"కూతురనుకున్నాను" అని ఆయన చాలా బాధపడ్డారట.

వానాకాలం మొదలయ్యాక ఆయనే ఫోన్ చేశారు.

"అమ్మా ప్రీతీ! మాకు కొత్త ఫిల్టరు వచ్చింది. నీళ్లు అద్దంలా ఉన్నాయనుకో. నా కోపమంతా పోయిందమ్మా. మరి మీ ఊరికెప్పుడు?"

"మాది ఎ గ్రేడు కదండీ" అంది ప్రీతి.

ఆమె ఆసుపత్రి వరండాలో నిలబడి ఉంది. లోపల బుల్లెమ్మ మనవరాలికి సెలైన్ ఎక్కుతోంది.